మధ్యవర్తి నెంబరు రెండు

స్టేషన్ గోడకు ఆనుకొని నా టీ అంగడి.
గోడ వాళ్లది. నీడ వాళ్లది.
లెక్కకు రాని గ్లాసులూ వాళ్లవే.

నేను ఎన్ని కాగితాల్లో ఉండానో నాకే తెలీదు.
ఎన్నడూ తొక్కని చేన్లలో నిలబడినాను,
చూడని కొడవండ్లకు కొలతలు చెప్పినాను,
ఒకే పొద్దు, ఒకే గంటకు
పత్తికొండలో నాటుసారా, మద్దికెరలో పేకముక్కలు
రెండూ నా సమక్షంలోనే దొరికినాయి.
రైటరు మద్దిలేటి కిటికీలోనించి వేలు ఆడిస్తే
గ్లాసులు కడిగే చెయ్యి కడిగినట్లే పోయి
దూదేకుల హుసేన్‌పీరా అని గీకి వచ్చేవాణ్ణి.
తడికి సిరా పాకేది.
"ఏం కాదులేప్పా, చట్టానికి చెమ్మ తెలీదు" అనేవాడు.

తొలకరి పడితే మా దిక్కు
పైరుకన్నా ముందు మనుషులు మొలుస్తారు.
బళ్లారి నుంచి, గుంటూరు నుంచి, యాడాడి నుంచో
సద్దిమూటలతో వచ్చి
వాన కడిగిన ఎర్రమట్టిలో ఏ రాయి కన్ను గీటుతాదా అని
వంచిన నడుము ఎత్తరు.

ఉరుకుందమ్మ రాళ్లకు రాలేదు.
గొర్రు ఎనకాల బుడ్డలు ఇడిసేదానికి వచ్చింది, మున్నూరు కూలికి.
చాలులో కాలికి గుచ్చుకున్నదాన్ని
ఉమ్మి తడిపి కొంగుతో తుడిచింది, అంతే.
మేస్త్రీ చూసినాడు.
పొద్దు గూకకముందే జీపు చూసింది.

సారు కోప్పడలేదు. అది చెప్పాల.
కుర్చీ ఏయించినాడు. నన్ను పిలిచి ఆమెకూ ఒక టీ ఇమ్మన్నాడు.
"చూడమ్మా, భూమి కడుపులో దొరికేది ఏదైనా సర్కారుది.
నేను తీసుకుంటలేను, చట్టం తీసుకుంటాంది."
లావు పుస్తకం తెరిచి, వేలు పెట్టి, వరుస తప్పకుండా చదివినాడు.
నిజమే అయ్యుండొచ్చు.
సెక్షన్ నిజం, ముద్ర నిజం, తేదీ నిజం.
ఆ కాగితం మొత్తంలో అబద్ధం ఒక్క మాటే:
"చింతగింజ పరిమాణము గల, విలువ లేని గాజుపెంకు ఒకటి."

అది నా టీ గ్లాసు పక్కనే ఉండె.
ట్యూబులైటు వెలుగు దాంట్లోకి తెల్లగా పోయి
బల్ల మీద రంగురంగులుగా ఒలికింది.
ఇన్నేండ్ల పంచనామాల్లో అదొక్కటే
నేను నిజంగా ఉన్నది, నిజంగా చూసింది.

ఆమె ఒక్కటే అడిగింది:
"గాజుపెంకైతే నాకే ఇయ్యి సారూ,
మా పాప ఆడుకుంటాది."

ఎవరూ నవ్వలేదు. ఫ్యాను తిరిగింది.
"కేసు ప్రాపర్టీ అమ్మా" అన్నాడు సారు, శానా మర్యాదగా.

మధ్యవర్తి నెంబరు ఒకటి, తలారి సుంకన్న, వేలిముద్ర.
మధ్యవర్తి నెంబరు రెండు
భయము గానీ బలవంతము గానీ లేక
చదివి వినిపించగా సరి అని ఒప్పుకొని.

మూన్నెల్లకు సారు బదిలీ అయి పోతా పోతా
నా బాకీ మొత్తం కట్టినాడు, పదకొండు వేల చిల్లర.
ఇరవై యేండ్లలో ఏ సారూ కట్టలేదు.
ఆ నోట్లు ఇంకా యాలక్కాయల డబ్బాలోనే ఉండాయి.
మూత తీస్తా. మల్ల పెడతా.

ఉరుకుందమ్మ సోమవారం సోమవారం వస్తాది.
తాసిల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి
బస్సు వచ్చేదాకా నా బెంచీ మీద కూర్చుంటాది.
ప్లాస్టిక్ కవరు, లోపల నాలుగు మడతల నకలు.
"చదువన్నా."
చదువుతా. గాజుపెంకు కాడ గొంతు తగ్గిస్తా.
కింద పేర్ల కాడికి వచ్చేలోపల
ఎప్పుడూ పాలు పొంగుతాయి.

నిన్న తానే వేలు పెట్టి చూపించింది.
"ఈ గీత ఎందుకు ఇట్ల అలుక్కుపోయింది? నీళ్లు పడినాయా?"
"ఎవుడిదో చెయ్యి తడిగా ఉండింటాది."

టీ అందిస్తే తీసుకోలేదు.
గ్లాసు పట్టుకున్న నా చేతుల్నే
చూస్తా ఉండాది.